అక్క గ్రీకు చదువు

మా అక్క యాభై దాటాక గ్రీకు చదివింది. నవ్వొస్తే ఇప్పుడే నవ్వేసుకోండి. మొదట్లో నేనూ నవ్వాను, మా ఆయనా నవ్వాడు, వీధి వీధంతా నవ్వింది.

అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఒకే ఇంటికి కాపురానికొచ్చాం, ఒకే కొట్లో పక్కపక్కన కూర్చుని ముసలివాళ్ళమయ్యాం. బడిపిల్లలకి యూనిఫారాలు కుడతాం. కింద కొట్టు, పైన రెండు వాటాలు. ముందు వాటా అక్కా బావగారిది, వెనక వాటా మాది. కటింగు అక్క చేస్తుంది, మిషను నేను తొక్కుతాను, కాజాలు ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు. కత్తెర ఆడినంతసేపూ అక్క నోరు కూడా ఆడాల్సిందే. ఏ హెడ్మిస్ట్రెస్ ఈ ఏడు స్కర్టు రంగు మార్చింది, ఏ పిల్లాడు తాడిలా ఎదిగిపోయి పాత కొలతలన్నీ పాడుచేశాడు, ఎదురింటి కుక్క అన్నం ఎందుకు మానేసింది, అన్నీ ఆవిడకే కావాలి. నాకు చిరాకేసి నోరు మూసుకోవే తల్లీ అన్న రోజులున్నాయి. ఇప్పుడనను.

బావగారు యూనివర్సిటీలో గ్రీకు చెప్పేవారు. ఇప్పుడు జనం మాట్లాడుకునే గ్రీకు కాదు, ఏనాడో నాలుకల మీంచి జారిపోయి పుస్తకాల్లో మిగిలిన పాత గ్రీకు. క్లాసులో ఆయనది ఒక నియమం ఉండేది. గుమ్మం దాటి లోపలికొచ్చారంటే గ్రీకులోనే మాట్లాడాలి. నోరు జారి సొంత భాష మాట్లాడితే లేచి నిలబడాలి, గ్రీకులో తప్పైపోయిందని చెప్పుకునేదాకా కూర్చోకూడదు. మంచినీళ్ళడగడానికీ తలుపు వెయ్యమనడానికీ పనికిరాని భాష ఎన్ని కావ్యాలున్నా బతకదని ఆయన వాదన. పిల్లలు ఆయనంటే పడిచచ్చేవారట. నవ్వించేవారట, కథలు చెప్పేవారట, పాఠం అయిపోయాక కూడా గది వదలనిచ్చేవారు కాదట. ఇవన్నీ బయటివాళ్ళు చెబితే విన్న ముచ్చట్లే. ఇంట్లో ఆయన నోట్లోంచి 'ఊ' తప్ప ఇంకో ముక్క ఊడిపడేది కాదు. అక్క అరగంట చెప్పినదానికి ఒక 'ఊ', అన్నం వడ్డిస్తే ఒక 'ఊ', జ్వరం వచ్చి పడుకున్నానంటే ఒక 'ఊ'.

అక్క దాన్నెప్పుడూ తప్పుపట్టలేదు. పెద్ద చదువు చదివిన మనిషి, మాట పొదుపు అనేది. ఇద్దరికీ సరిపడా నేను వాగుతున్నాను కదా అనేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ముందు వాటాలో వినిపించేదంతా ఆవిడ గొంతే.

అలాంటి మనిషి ఒకరోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక కూడా చాలా రోజులు అలా కప్పు చూస్తూ పడుకున్నారు. ఒక పొద్దున ఉన్నట్టుండి పైనుంచి గొంతు వినిపించింది. అక్క మెళ్ళో టేపు మెళ్ళోనే ఉంచుకుని మెట్లెక్కి పరుగెత్తింది, వెనకాలే నేను. ఆయన తడుముకోకుండా మాట్లాడుతున్నారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మతి చలించిందేమోనని మా ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

గొడుగు మేడాన్ని పిలిపించాం. బావగారి దగ్గరే చదువుకుని, ఇప్పుడాయన పాఠాలు తను చెబుతున్న మనిషి. ఎండనీ వాననీ లేకుండా చేతిలో గొడుగుంటుంది, అందుకని ఆ పేరు మేము పెట్టాం. ఆవిడ మంచం పక్కన కాసేపు విని, కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. అది గ్రీకేనట. ఎక్కడా తప్పులేని గ్రీకట. ఇంతకీ ఏమంటున్నారని అక్క అడిగితే, తలకింద దిండు ఎత్తుగా పెట్టమంటున్నారని చెప్పింది.

రెండు మూడు భాషలొచ్చిన వాళ్ళకి ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. ఒకటి పోయి ఇంకొకటి మిగలొచ్చు. అమ్మ ఒళ్ళో నేర్చింది పోయి పుస్తకంలో నేర్చింది మిగలడం అరుదు, కానీ లేకపోలేదు. మేము మాట్లాడేది ఆయనకి ఎంతవరకు అందుతోందో చెప్పలేనన్నాడు. మేము నోరు విప్పితే మాత్రం ఆయన మొహం గోడవైపు తిరిగిపోయేది.

అక్కతో మాత్రం ఒక విచిత్రం జరిగింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆవిడ మంచం పక్కన కూర్చుంటే, కాసేపు నోరు కట్టేసుకుని కూర్చోగలిగితే, ఆయన ఇటు తిరిగేవారు. ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని మాట్లాడేవారు. మెల్లగా, ఆగి ఆగి, మధ్యలో నవ్వుతూ. నేను వాకిట్లోంచి విన్నాను. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గొడుగు మేడం వచ్చి కూర్చుంటే మళ్ళీ దిండు, నీళ్ళు, కిటికీ, అంతే. ఆ మెత్తటి మాటలు అక్క ఒక్కతే ఉన్నప్పుడే.

ఫోనులో రికార్డు చేసి మేడానికి వినిపిద్దాం అన్నాను. అక్క నన్ను పురుగుని చూసినట్టు చూసింది. మొగుడూ పెళ్ళాల మధ్య మూడో చెవి ఎందుకంది. ఆ పైన కత్తెర కింద పెట్టి, ఇంకెప్పుడూ వాడని నెమ్మదైన గొంతుతో మాట్లాడింది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి మనిషి నోరు విప్పారు చెల్లీ. నాకోసమే విప్పారు. అదేమిటో తెలుసుకోకుండా నేనెలా పోను?"

అదీ సంగతి. ఆ మాటల కోసం మా అక్క యూనివర్సిటీలో చేరింది. వయసుతో పనిలేని సర్టిఫికెట్ కోర్సు ఏదో ఉందట, మేడమే దగ్గరుండి చేర్పించింది. మూడో అంతస్తులో చివరి గది, లిఫ్టు లేదు. కింది రెండంతస్తులూ కామర్సు వాళ్ళవి, అక్కడ నిలబడ్డానికి చోటుండదు. పైన గ్రీకుకి బెంచీలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఉన్న గుప్పెడు మందిలోనూ సగం మంది హాస్టల్లో మంచం కోసం చేరినవాళ్ళే, ఇంకెక్కడా సీటు రాక. నిజంగా ఆ భాష కావాలని వచ్చింది మా అక్కొక్కతే అనుకుంటాను.

బావగారి నియమాన్ని మేడం పొల్లు పోకుండా పాటించేది. ఇహ చూస్కోండి. నోరు కట్టేసుకోవడం రాని మనిషి, రెండు ముక్కలు రాని భాష. లోపల అడుగుపెట్టి 'అబ్బ, ఈ మెట్లు' అనడం, నిలబడ్డం. పక్క పిల్లని పెన్ను అడగడం, నిలబడ్డం. మొదట్లో పీరియడు పీరియడంతా నిలబడే ఉండేదట. కాళ్ళు వాచి ఇంటికొచ్చేది. కుర్రకుంకలు నిలువుకాళ్ళ ఆంటీ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి వాళ్ళే జాలిపడి వెనకనుంచి తప్పైపోయింది అనే మాట అందించడం మొదలుపెట్టారు.

నా బతుకు మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. బళ్ళు తెరిచే రోజులు, గుట్టలకొద్దీ నీలం గుడ్డ, కటింగు చేసే మనిషి పొద్దున్నే క్లాసుకి పోతుంది. వచ్చాకయినా పనిమీద ధ్యాసుందా అంటే, గుడ్డ మీద సుద్దగీత గీస్తూ క్రియలు వల్లిస్తుంది. నేను తన్నాను, నువ్వు తన్నావు, వాడు తన్నాడు. కొలతలివ్వడానికొచ్చిన తల్లులు బిక్కచచ్చిపోయేవారు. వస్తువులకి కూడా ఆడా మగా ఉంటాయని ఒకరోజు చెప్పింది. బల్ల ఆడదట. అందుకే అందరి బరువూ మోస్తోందన్నాను. అక్క చాలాసేపు నవ్వింది. పుస్తకాల్లో కథలు కూడా చెప్పేది, ఏ రాజు ఎవరిని నమ్మి చెడ్డాడో, ఏ ఓడ ఎక్కడ మునిగిందో, ఎదురింటి గొడవ చెప్పినట్టే. విసుక్కున్నాను, కేకలేశాను, ఒకసారి కత్తెర గిరాటేశాను కూడా. ఏం లాభం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సాయంత్రాలు మాత్రం పండగ. ఏరుకొచ్చిన గింజల్లా ఒక్కొక్క మాట తెచ్చి నాకు చూపించేది. ఇవాళ 'తలుపు' అన్నారు. ఇవాళ 'వాన' అన్నారు. ఇవాళ 'నువ్వొస్తే నాకు హాయిగా ఉంటుంది' అన్నారు. ఆయన మాటిమాటికీ అనే ఒక పిలుపుకి అర్థం దొరికిన రోజు ఆవిడ మొహం చూడాలి. 'పిల్లా' అని పిలుస్తున్నారట. ఇన్నేళ్ళలో 'ఏమోయ్' అని కూడా పిలవని మనిషి. అక్క కాజా కుడుతూ కుడుతూ వేలికి సూది గుచ్చుకుని తనలో తను నవ్వుకుంటోంటే నాకూ కళ్ళు చెమర్చాయి. పోనీలే, ఆఖర్లోనైనా ఈ పిచ్చిదానికి ఇంత ముద్ద దొరికింది అనుకున్నాను.

మొదటి పరీక్ష పోయింది. రెండోసారి గట్టెక్కింది. క్లాసు పిల్లలు బల్లలు చరిచారట. ఆ రెండో ఏడు మధ్యలో ఎక్కడో అక్క నాకు మాటలు తెచ్చి చూపించడం మానేసింది. నేను పట్టించుకోలేదు, ఎక్కువ నేర్చింది కదా, మొగుడూ పెళ్ళాల మాటలు పంచుకోవడానికి సిగ్గేమో అనుకున్నాను. కొట్లో మాట తగ్గింది. ఎదురింటి కుక్క పిల్లల్ని పెట్టిందని నేనే చెప్పాల్సి వచ్చింది. చివరికొక రోజు అక్క కోసిచ్చిన చొక్కాకి చేతులు రెండూ ఎడమవే వచ్చాయి. ముప్పై ఏళ్ళలో ఆవిడ చేతిలో అలాంటి తప్పు నేను చూడలేదు. మిషను ఆపి ఏమైందని నిలదీశాను.

ఆవిడ ఆ చొక్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఆయన మన ఇంట్లో లేరు చెల్లీ, అంది. యూనివర్సిటీలో తన గదిలో ఉన్నారు. సాయంత్రమైంది, క్లాసులైపోయాయి, అందరూ వెళ్ళిపోయారు. ఎవరో ఒక విద్యార్థిని ఉండిపోయి పక్కన కూర్చుంది. ఆ పిల్లతో మాట్లాడుతున్నారు. ఆయన లెక్కలో ఆ పిల్లని నేనే. 'పిల్లా' అన్నది విద్యార్థుల్ని పిలిచే పిలుపే, మేడం కూడా మమ్మల్ని అలాగే పిలుస్తుంది, ముందే తెలుసుకోవాల్సింది నేనే.

అంతవరకూ ఫర్వాలేదు కదా, జబ్బుమనిషి, ఏదో అనుకుంటారు అన్నాను. అప్పుడు మిగతాది చెప్పింది, అక్షరం అక్షరం కూడబలుక్కుని, అప్పగించే పాఠంలాగా.

"'ఇంటికి వెళ్ళాలనిపించదు పిల్లా' అంటారు. 'ఇంట్లో ఒకావిడ ఉంది. మంచిది. నాకే లోటూ చెయ్యలేదు. పొద్దస్తమానం మాట్లాడుతుంది. ఆమెకి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు, ఎప్పుడూ లేదు. ఇక్కడ కూర్చుంటేనే నేను మనిషినవుతాను' అంటారు. రోజూ అంటారు. మొదట్లో సగమే అర్థమయ్యేది. ఇప్పుడంతా అర్థమవుతోంది."

నాకు ఒళ్ళు మండింది. పైకి వెళ్ళి, మంచం పట్టిన మనిషని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు దులిపేశాను. ఆవిడ ఎత్తిన పక్కలు, పిండిన గుడ్డలు, వాచిన కాళ్ళు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన గోడవైపు తిరిగిపోయారు. ఎవరితో పోట్లాడాలో తెలియక కిందికొచ్చి ఏడ్చాను. ఆ రాత్రి చెబితే మా ఆయన, అన్నయ్య అంత మాట అనడు, జబ్బే అలా అనిపిస్తోంది అని గొణిగాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆస్పత్రి వాళ్ళు మాట నేర్పే కుర్ర డాక్టర్ని పంపారు. చురుకైనవాడు, మొహమాటం లేనివాడు. సంగతంతా విని మమ్మల్ని చివాట్లు పెట్టాడు. గ్రీకు చెవిన పడుతున్నంతకాలం సొంత భాష లేవదు, ఆ తలుపు మీరే మూసేస్తున్నారన్నాడు. ఇక మేడం రాకూడదు, ఇంట్లో ఒక్క గ్రీకు ముక్క వినిపించకూడదు, రోజూ పక్కన కూర్చుని సొంత భాషలోనే మాట్లాడాలి. ఉన్న ఆశ అదొక్కటే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సొంత భాష తిరిగొస్తే ఆ గదీ ఆ పిల్లా మాయమైపోతాయి, ఈయనకి పెళ్ళాం కనిపిస్తుంది అనుకున్నాను. అక్క చేత క్లాసు మానిపించింది నేనే.

ఆ చలికాలమంతా అక్క ఆయన వీపుతో మాట్లాడింది. స్కర్టు రంగులు, కుక్కపిల్లలు, మిషనుకి పట్టిన తుప్పు. పొద్దస్తమానం మాట్లాడే ఆడమనిషినని తెలిశాక కూడా పొద్దస్తమానం మాట్లాడింది, అదీ వైద్యమన్నారని. ఆయన ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. సాయంత్రాలు మాట లేదు, నవ్వు లేదు. తిండి తగ్గి మనిషి దుప్పటి కింద ఉన్నారో లేరో అన్నట్టయిపోయారు.

అలా ఉండగా ఒక సాయంత్రం, అక్క ఏదో బడి సంగతి చెబుతుంటే, మంచంలోంచి 'ఊ' అని వినిపించింది. నేనూ మా ఆయనా అక్కడే ఉన్నాం. అక్క ఆగి, మళ్ళీ ఇంకో మాట అంది. మళ్ళీ 'ఊ' అన్నారు. మా ఆయన గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాడు. మర్నాడు కుర్ర డాక్టరు వచ్చి అందరితోనూ చెయ్యి కలిపాడు. తాళం తిరిగింది, ఇక ఏడాదిలో మాటలొస్తాయన్నాడు. నేను వీధిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. అక్క మాత్రం ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళింది, ఎంతసేపటికీ రాలేదు.

వెళ్ళి చూస్తే కుళాయి విప్పి అలా నిలబడి ఉంది. ఇన్నాళ్ళు ఓపిక పట్టావు, ఇంకొన్నాళ్ళు పట్టు, ఆయన నీకు దక్కుతారు అని బతిమాలాను.

"ఈ 'ఊ' కోసమా చెల్లీ?" అంది. "ఇది నా దగ్గర బోలెడుంది."

మర్నాటి సాయంత్రం ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఆపలేదు. కాసేపటికి లోపల్నుంచి అక్క గొంతు, చాలా చిన్నగా, 'దిదాస్కలె' అంది. మేష్టారూ అని దానర్థం, మిషను పక్కన కూర్చుని అంతమాత్రం నాకూ ఒంటబట్టింది. మంచం కిర్రుమంది. ఆయన మాట్లాడ్డం మొదలుపెట్టారు.

తెల్లారి కొట్లో గుడ్డ మడతలు వేస్తూ అక్క తనంతట తనే చెప్పింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు పిల్లా, నువ్వు లేకపోతే ఈ గదిలో పొద్దుపోవడం లేదు అన్నారట. తను క్షమించమందట. అందులో ఒక మాట తప్పయితే ఆయన దిద్ది, మళ్ళీ చెప్పించి, సరిగ్గా వచ్చాక నవ్వారట. ఆ తరవాత, ఎప్పుడూ తన ఇంటి సంగతే చెప్పుకునే మనిషి, మొదటిసారి ఆవిడ ఇంటి సంగతి అడిగారట. చీకటి పడుతోంది, నీకోసం చూసేవాళ్ళుంటారు కదా, మీ ఇంట్లో ఎవరెవరున్నారు అని.

"ఏం చెప్పావు?" అన్నాను.

"ఎవరూ లేరన్నాను. తప్పులేకుండానే అన్నాను చెల్లీ, ఆయన దిద్దలేదు. 'అయితే ఇంకాసేపు కూర్చో' అన్నారు."